ఆరు చేతుల విగ్రహం కదిలితే నాన్న దణ్ణం పెట్టారు. ఈ పాత బొమ్మల సినిమాల్లో ఏముంది?

వన్‌టౌన్_కుట్టుమిషన్:

మా నాన్నకి 74 ఏళ్లు. రోజూ పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివరిదాకా నడిచొస్తారు. హాల్లో సినిమా చూడటం మానేసి పదిహేనేళ్లు దాటింది. టీవీలో వార్తలు, ప్రవచనాలు తప్ప ఇంకేదీ పట్టించుకోరు. అలాంటి మనిషి పోయిన ఆదివారం మా పిల్లాడి పక్కన మంచం మీద కూర్చుని దాదాపు రెండు గంటలు కదల్లేదు. మధ్యలో కాఫీ ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకునే ఉన్నారు, మీగడ కట్టేసింది.

చూసింది 1973 నాటి 'ది గోల్డెన్ వోయేజ్ ఆఫ్ సింద్‌బాద్'. రే హ్యారీహౌసెన్ బొమ్మలు చేసి ఆడించిన సినిమా. నాన్న దీన్ని కుర్రతనంలో ఇక్కడే, విజయవాడ లీలామహల్లో చూశారు. అప్పుడాయన బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్లో గుమాస్తా. రాత్రి కొట్టు కట్టేశాక సెకండ్ షోకి వెళ్లారట.

అందులో ఒక మాంత్రికుడు కాళికాదేవి విగ్రహానికి ప్రాణం పోస్తాడు. ముందు నాట్యం చేయిస్తాడు. తర్వాత ఆరు చేతులకీ ఆరు కత్తులొస్తాయి, సింద్‌బాద్ మనుషుల మీదికి దిగుతుంది. విగ్రహం మొదటిసారి కదిలినప్పుడు హాల్లో చప్పుడు లేదట. వెనక ఎవరో "అమ్మా, దుర్గమ్మా" అన్నారట. నాన్న చేతులు వాటంతటవే లేచాయి. కొండ కింద పుట్టి, కొండ కిందే పెరిగిన మనిషి, అమ్మవారు ఎదురుగా లేచి నిలబడితే దణ్ణం పెట్టక ఇంకేం చేస్తారు?

చివర్లో ఆ విగ్రహం పైనుంచి పడి ముక్కలైపోతుంది. అది మాత్రం ఆయనకి ఇప్పటికీ మింగుడు పడలేదు. "పనిమంతుడే. అంతా బాగా తీశాడు. అమ్మవార్ని అలా పగలగొట్టకుండా ఉండాల్సింది" అని ఆదివారం కూడా అన్నారు. అని, కిటికీలోంచి కొండ వైపు చూసి మళ్లీ దణ్ణం పెట్టుకున్నారు.

ఇక మా వాడి సంగతి. ఆరో తరగతి. పుట్టిన దగ్గర్నుంచి డ్రాగన్లు, డైనోసార్లు నిజంగా ఊపిరి పీలుస్తున్నట్టే చూశాడు. ఇది చూసి పది నిమిషాల్లో లేచిపోతాడనుకున్నా. లేవలేదు. కత్తియుద్ధం మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. మూడోసారి నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "అమ్మా, దీన్ని ఎవరు కదుపుతున్నారు?"

కొత్త సినిమాల్లో ఎంత పెద్ద జంతువొచ్చినా వాడు ఆ మాట ఎప్పుడూ అడగలేదు. అప్పట్నుంచీ నేను దాని గురించే ఆలోచిస్తున్నా.

నేను జాకెట్లు కుడతాను, పద్దెనిమిదేళ్లుగా. అందుకే వీటిల్లో నాకు కనపడేది కొంచెం వేరేగా ఉంటుంది. పిల్లాడి కోసం 1933 నాటి 'కింగ్ కాంగ్' కూడా పెట్టాను. విల్లిస్ ఓబ్రయన్ పని. హ్యారీహౌసెన్ 13 ఏళ్ల వయసులో ఆ సినిమా చూసే ఈ దారి పట్టాడు, తర్వాత ఆ ఓబ్రయన్ దగ్గరే పని చేశాడు. ఆ కోతి బొమ్మ ఒంటికి తొడిగింది కుందేలు బొచ్చు. ఒక్కో ఫొటోకీ బొమ్మని చేత్తో కొంచెం కదపాలి, ఫొటో తియ్యాలి, మళ్లీ కదపాలి. పట్టుకున్న చోటల్లా బొచ్చు నలుగుతుంది. తెర మీద చూస్తే కోతి ఊరికే నిలబడినా ఒంటిమీది బొచ్చు కదుల్తూనే ఉంటుంది.

వెల్వెట్ కుట్టేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వెల్వెట్ జాకెట్ పీసు మీద వేలు పెట్టి తీస్తే నూగు ఒక పక్కకి పడుకుని, అక్కడ రంగు ముదురుగా కనపడుతుంది. ఇంకో వేలు పెట్టి ఎదురు దువ్వితే మళ్లీ మామూలవుతుంది. చంక కింద కుట్టేటప్పుడు నా వేలి గుర్తులు ఎక్కడెక్కడ పడ్డాయో చూసుకుని చివర బ్రష్షుతో సరిచేసి ఇస్తాను. ఆ కోతి భుజం మీద, మోచేతి దగ్గర, వీపు మీద నేను చూసింది సరిగ్గా ఆ గుర్తులే. ఎప్పుడో తొంభై ఏళ్ల కింద ఆ మనిషి బొటనవేలు ఎక్కడ పడిందో నాకు ఇప్పుడు మా ఇంట్లో కనపడుతోంది. ఒళ్లు ఝల్లుమంది.

ఇంకొకటి చదివాను. హ్యారీహౌసెన్ వాళ్ల నాన్న మెషినిస్టు. కొడుకు గీసిచ్చిన కొలతలకి బొమ్మల లోపలి లోహపు కీళ్లు ఆయనే తయారుచేసి ఇచ్చేవాడు. తొలి రోజుల్లో బొమ్మలకి బట్టలు కుట్టింది వాళ్లమ్మ. ఆ రోజు మిషన్ ముందు కూర్చుని చాలాసేపు తొక్కలేదు నేను.

ఇప్పుడు అడుగుతున్నవి రెండు. ఇవి ఇంకా ఎందుకు పట్టి ఉంచుతున్నాయి? నాన్న వయసువాళ్లకంటే పాత జ్ఞాపకం అనుకుందాం, మా వాడికి ఏ జ్ఞాపకం ఉంది? రెండోది, వీడు సెలవుల్లో అలాంటి బొమ్మ చేసి ఫోన్లో తియ్యాలని పట్టు పట్టాడు. నాన్న, ఆరు చేతులదే చెయ్యాలంటున్నారు, పగలగొట్టకూడదన్న షరతు మీద. ఇంట్లో కొండపల్లి బొమ్మలున్నాయి, చెక్క తేలికే, కానీ చేతులు కదలవు. దేంతో చెయ్యాలి?


కొండపల్లి_ఉలి:

చెల్లెమ్మా, ముందు రెండో దానికి చెబుతా, అది నాకు తెలిసిన పని. మా ఇంట్లో తాత నాటి నుంచీ బొమ్మలే.

పొణికి చెక్కతో కదిలే కీలు చెయ్యాలని చూడకండి. తెల్లపొణికి చాలా మెత్తన. ఆరబెడితే ఇంకా తేలిక. ఉలి పెడితే అడిగినట్టు వస్తుంది, అందుకే మా పెద్దలు దాన్ని పట్టుకున్నారు. మేం ఒంటిని ఒక ముక్కగా, చేతుల్ని విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాం. అతుకు ఆరాక అతుకని తెలియదు. అది అతికించడానికి పనికొచ్చే చెక్క. తిప్పడానికి కాదు. మేకు దింపి నాలుగుసార్లు తిప్పితే బెజ్జం పెద్దదైపోయి చెయ్యి కిందికి వేలాడుతుంది.

కాబట్టి ఇలా చెయ్యండి. తల, కిరీటం, అరచేతులు మాత్రం చెక్కవి. లోపల ఒళ్లంతా అల్యూమినియం తీగ, రెండు పేటలు కలిపి పురిపెట్టండి. ఇనప తీగ వద్దు, వంచి వదిలితే కొంచెం వెనక్కొస్తుంది, మీరు పెట్టిన చోట ఉండదు. ఆరు చేతులంటే ఛాతీ దగ్గర మూడు తీగలు అడ్డంగా పోతాయి. ఆ మూడూ కలిసే చోటే బొమ్మకి ప్రాణం. అక్కడ సన్న రాగి తీగతో గట్టిగా చుట్టి ఎం-సీల్ (ఆరితే గట్టిపడే ముద్ద) పెట్టండి. భుజాలు, మోచేతులు ఎం-సీల్ తగలకుండా వదిలేయండి, అక్కడే వంగాలి.

పాదాలు ఇంకా ముఖ్యం. పీట మీద బెజ్జాలు వేసి కింద నుంచి స్క్రూతో పాదం బిగించండి. లేకపోతే ఒక చెయ్యి కదిపితే ఒళ్లంతా జరుగుతుంది, మీరు పడ్డ కష్టం పోతుంది.

మొదటి ప్రశ్నకి నాకు తోచింది ఒకటే. మా బొమ్మ మీద మధ్యాహ్నం వెలుతురు పడితే ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. సాయంత్రం అది బుగ్గ మీదికి జరుగుతుంది. ఆ నీడ ఎక్కడ పడాలో నేను నిర్ణయించలేదు. బొమ్మ అక్కడ ఉంది, వెలుతురు అక్కడ ఉంది, అంతే. మీరు చెప్పిన సినిమా నేనూ చూశాను. విగ్రహం చెయ్యి ఎత్తితే ఆ చేతి నీడ దాని ఒంటిమీదే పడుతుంది. ఉన్న వస్తువుకే అలా పడుతుంది. పిల్లల కళ్లు దాన్ని వెంటనే పట్టేస్తాయి, పేరు పెట్టలేరు గానీ.

కళ్లు మాత్రం ఆఖర్న వెయ్యండి. మా ఇంట్లో అలాగే చేస్తాం.


బ్రాడీపేట_నుంచి_గచ్చిబౌలి:

అక్కా, నాది గుంటూరు. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ పనిలో ఉన్నాను, తొమ్మిదేళ్లు. అందుకని ఒక మాట ముందే చెప్పాలి. కంప్యూటర్‌లో చేసేదీ చేతిపనే. నా పక్క సీట్లో అమ్మాయి ఒక ఏనుగు చెవి ఆడించడానికి రెండు వారాలు కూర్చుంది. 1993 నాటి 'జురాసిక్ పార్క్' తీసినప్పుడు చేత్తో బొమ్మలు కదిపేవాళ్ల కోసం లోహంతో డైనోసార్ అస్థిపంజరాలు చేసి, కీళ్ల దగ్గర సెన్సార్లు పెట్టారు. వాళ్లు వేళ్లతో దాన్ని కదిపితే కంప్యూటర్ ఆ కదలికని తీసుకునేది. ఫిల్ టిప్పెట్ లాంటి బొమ్మల మనుషుల చేతి వాటం అలా కొత్త కాలంలోకి వచ్చింది. చెయ్యి ఎక్కడికీ పోలేదు.

మరి తేడా ఎక్కడ? నేను గమనించింది చెబుతా. మనిషి చెయ్యి విసిరితే కెమెరా ఒక్క ఫ్రేము తీసే లోపు ఆ చెయ్యి జరుగుతుంది, అందుకే ఫ్రేములో అలుక్కుపోయినట్టు పడుతుంది. బొమ్మ అలా కాదు. ఫొటో తీసేటప్పుడు అది కదలకుండా నిలబడి ఉంటుంది. కాబట్టి ఎంత వేగంగా కత్తి తిప్పుతున్నట్టు కనిపించినా, ప్రతి ఫ్రేములోనూ కత్తి అంచు స్పష్టంగానే ఉంటుంది. సెకనుకి 24 స్పష్టమైన బొమ్మలు. నిజ జీవితంలో మన కన్ను అలాంటి కదలిక చూడదు, అందుకే అది కలలో కదిలినట్టుంటుంది. ఈ తేడా పోగొట్టాలని 1981లో 'డ్రాగన్‌స్లేయర్' కోసం, ఫొటో పడుతుండగానే బొమ్మని కడ్డీలతో జరిపే మిషన్లు వాడారు. కదలిక నునుపుగా వచ్చింది. నాకు మాత్రం కాళికాదేవి ఆ తునకలు తునకల నడకలోనే భయం పుట్టిస్తుంది. రాయి కదిలితే నునుపుగా ఎందుకు కదులుతుంది?

రెండోది, ఒక్క మనిషి. మా దగ్గర ఒక జంతువు ఎంతోమంది చేతులు మారుతుంది. ఒకరు నడక, ఒకరు చర్మం, ఒకరు వెలుతురు. అందరూ బాగా చేసినా దాని స్వభావం ఎక్కడో పలచబడుతుంది. హ్యారీహౌసెన్ చాలా సినిమాల్లో ఆ గదిలో ఒక్కడే. ముందే తీసిన సీనుని ఒక్కో ఫ్రేమూ బొమ్మ వెనక చిన్న తెర మీద వేసుకుని, అందులో నటుడి కత్తి ఎక్కడుందో చూసి, బొమ్మ కత్తిని అక్కడికి తెచ్చేవాడు. అంటే ఆ విగ్రహంగా నటించింది ఆయనే. డబ్బు చాలక 1955లో ఒక ఆక్టోపస్‌ని ఆరు కాళ్లతోనే చేశాడు. చూసేవాళ్లకి లెక్క తట్టనివ్వకుండా ఆడించాడు.

కాళి యుద్ధం రిహార్సల్‌కి ముగ్గురు మనుషుల్ని ఒకే బెల్టుతో కట్టి నిలబెట్టారు, ఆరు చేతులు రావాలి కదా. నటులు వాళ్లతో సాధన చేసి, అసలు షాట్‌లో గాలితో పోరాడారు. మీ వాడికి ఇది చెప్పండి, ఇష్టపడతాడు.

ఫోన్లో తీసేటప్పుడు: సెకనుకి 12 ఫొటోలు చాలు. కిటికీలు మూసెయ్యండి, ఎండ జరిగితే వెలుతురు మారిపోతుంది. కెమెరాలో వెలుతురు, ఫోకస్ లాక్ చెయ్యండి. ఫోన్‌ని దేనికైనా కట్టెయ్యండి, చేత్తో పట్టుకోవద్దు. తీసేవాళ్లు తెల్ల చొక్కా వేసుకోవద్దు, అది బొమ్మ మీద మెరుస్తుంది.


వన్‌టౌన్_కుట్టుమిషన్:

"రాయి కదిలితే నునుపుగా ఎందుకు కదులుతుంది" అన్నది నాన్నకి చదివి వినిపించాను. "ఆ అబ్బాయి మా ఊరివాడేనా" అని అడిగారు. గుంటూరు అన్నాను. "ఆఁ, కృష్ణ దాటితే అంతే కదా" అన్నారు. తీగ కొన్నాం. ముగ్గురు మనుషులు, ఒక బెల్టు అన్న దగ్గర్నుంచి మా వాడు పక్కింటి పిల్లల్ని చున్నీతో కలిపి కడుతున్నాడు.


కార్బన్_కడ్డీ:

అమ్మాయీ, నేను గుంటూరులో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా ముప్ఫై ఒక్కేళ్లు పని చేశాను. కార్బన్ కడ్డీలు మండించి వెలుతురు తెప్పించే కాలం నుంచి. పైన ఆ గ్రాఫిక్స్ బాబు చెప్పింది ఆయన ఎలా తెలుసుకున్నాడో గానీ, నేను కంటితో చూశాను.

ఆ రోజుల్లో మా హాల్లో ఆదివారం పొద్దుటి ఆటకి ఇంగ్లీషు బొమ్మలు వేసేవాళ్లం. వచ్చేవి ఊళ్లన్నీ తిరిగి అరిగిపోయిన ప్రింట్లు. నడుస్తుండగా పుటుక్కున తెగేవి. తెగిన చోట రెండు మూడు ఫ్రేములు కత్తిరించి, గీకి, సిమెంటు రాసి అతికించాలి, అదీ హాల్లో ఈలలు మొదలయ్యే లోపు. ఆ కత్తిరించిన ముక్కల్ని నేను పారెయ్యలేదు. పౌడరు డబ్బాలో వేసుకునేవాణ్ని. ఆ డబ్బా ఇప్పటికీ ఉంది.

నీ ప్రశ్న చదివి నిన్న డబ్బా దించాను. 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్' ముక్క ఒకటుంది, అస్థిపంజరాల యుద్ధంలోది. ఐదు ఫ్రేములు. రంగు ఎర్రబడిపోయింది. భూతద్దం పెట్టి ట్యూబులైటుకి ఎత్తి చూశాను. నటుడి కత్తి పొగలా ఉంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలీదు. దాని పక్కనే అస్థిపంజరం కత్తి, సూదితో గీసినట్టుంది. పక్కటెముకలు లెక్క పెట్టొచ్చు. ఐదు ఫ్రేముల్లోనూ అంతే. ఇన్నేళ్లూ ఆ ముక్క నా దగ్గరుంది, ఆ తేడా ఎందుకో ఆ బాబు చెప్పేదాకా తెలియలేదు. ఆయనకి నా ఆశీస్సులు.

ఆ సినిమా 1963లో వచ్చింది. ఏడు అస్థిపంజరాలు, ముగ్గురు మనుషులు. ఆ ఒక్క యుద్ధానికి నాలుగున్నర నెలలు పట్టింది. రోజుకి సగటున 13 ఫ్రేములు, అంటే తెర మీద అర సెకను. నా డబ్బాలో ఉన్న ఐదు ఫ్రేములు ఆయనకి పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా చేసిన పని. అది తెలిశాక ఆ ముక్కని పౌడరు డబ్బాలో మళ్లీ వెయ్యబుద్ధి కాలేదు. కాగితంలో మడిచి భగవద్గీతలో పెట్టాను.

మనవాళ్ల గురించి ఎవరూ అనలేదు, నేనంటాను. విఠలాచార్య గారి బొమ్మ పడితే మాకు పండగ. కాంతారావు గారు కత్తి పడితే నేల టిక్కెట్లవాళ్లు కూర్చునేవాళ్లు కాదు. 'జగన్మోహిని'లో దెయ్యం పొయ్యిలోకి కట్టెలకి బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది చూడు, 1978లో ఆ సీనుకి ఆడవాళ్లు కెవ్వుమని కేక పెట్టి, వెంటనే నవ్వేవాళ్లు. రెండూ ఒకే గుక్కలో. ఆయన దగ్గర పెద్ద డబ్బు లేదు. ఉన్నదల్లా కెమెరాలోనే చేసే ట్రిక్కులు. లెన్సులో సగం మూసి ఒకసారి తీసి, ఫిల్ము వెనక్కి తిప్పి, రెండో సగం మళ్లీ తియ్యడం. తప్పు పోతే మొత్తం మళ్లీ తియ్యాలి. 1961లో రామారావు గారు తీసిన 'సీతారామ కల్యాణం'కి రవికాంత్ నగాయిచ్ గారు చేసిన ట్రిక్ ఫొటోగ్రఫీ కూడా ఆ కోవదే. ఇంగ్లీషువాళ్లతో పోల్చి తక్కువ చేసేవాళ్లుంటారు. నేను రెండు రకాల ఫిల్మూ ఈ వేళ్లతో తిప్పాను. శ్రద్ధ రెండింట్లోనూ ఉంది.

మీ నాన్నగారు దణ్ణం పెట్టడంలో వింత లేదు. మా హాల్లో రామారావు గారు కృష్ణుడిగా కనపడితే తెర ముందు హారతి వెలిగించిన వాళ్లున్నారు. కర్పూరం తెరకి ఎక్కడ అంటుకుంటుందోనని నేను పైన కన్నంలోంచి చూస్తూ ఉండేవాణ్ని.


మొగల్రాజపురం_టీచర్:

ఇంతమంది ఇంత చెప్పారు, అసలు సంగతి ఎవరూ చెప్పలేదేమిటమ్మా! నేను చాలా ఏళ్లు పిల్లలకి నాట్యం నేర్పాను. ఆ సినిమాలో యుద్ధం ముందు వచ్చే నాట్యం మళ్లీ ఒకసారి చూడండి. మెడ కదిలే తీరు, ఆరు చేతులూ ఒకదాని వెనక ఒకటి విప్పుకునే తీరు. విదేశీయుడు పుస్తకాల్లో బొమ్మలు చూసి ఊహించింది కాదది. ఎవరో తెలిసినవాళ్లు ఆడి చూపించారని మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను.

ఆడి చూపించింది మనవాళ్లే. టంగుటూరి సూర్యకుమారి గారు. అప్పటికి ఆవిడ లండన్‌లో స్థిరపడి అక్కడివాళ్లకి మన నాట్యం, సంగీతం నేర్పుతున్నారు. ఆవిడా, ఆవిడ శిష్యురాలూ చేసి చూపిన కదలికల్ని ఆధారంగా పెట్టుకుని హ్యారీహౌసెన్ ఆ బొమ్మని ఆడించాడు. ఆ సూర్యకుమారి గారే 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' పాడినావిడ. బళ్లో ప్రార్థనలో మనమంతా పాడుకున్నది ఆవిడ బాణీనే అనుసరించి. 2005లో లండన్‌లోనే పోయారు.

ఇంకో మాట. ఆవిడ ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. మీ నాన్నగారు రోజూ నడిచే బ్యారేజీకి ఉన్నది ఆవిడ పెదనాన్న పేరు.


వన్‌టౌన్_కుట్టుమిషన్:

టీచర్ గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను. "అయితే ఆ రోజు హాల్లో నేను దణ్ణం పెట్టింది మన పిల్లకే" అన్నారు. మర్నాడు బ్యారేజీ నుంచి మామూలుకన్నా అరగంట ఆలస్యంగా వచ్చారు. అడిగితే, అక్కడే కాసేపు నిలబడ్డానన్నారు.

బొమ్మ తయారైంది. జానెడున్నర. తల, అరచేతులు పొణికివి, మా ఇంట్లో విరిగిన బొమ్మల సెట్టులోంచి. ఒంటికి ఎం-సీల్, పైన నల్లరాయి రంగు. చీర నేను కుట్టాను, ఒక పెళ్లికూతురి జాకెట్లో మిగిలిన ఎర్ర పట్టు ముక్కతో. కుచ్చిళ్లు అంత చిన్న కొలతకి మిషన్ మీద రావు. సూదితో, ఒక్కో కుచ్చీ గోటితో నొక్కి పట్టుకుని కుట్టాను, నాలుగు రాత్రులు పట్టింది. కళ్లు ఆఖర్న మా వాడు వేశాడు, ఊపిరి బిగబట్టి.

తియ్యడం ఇలా సాగుతోంది. వంటింట్లో, గోధుమరంగు దుప్పటి వెనక కట్టి. నాన్న కుర్చీలో కూర్చుని నోట్‌బుక్కులో లెక్క రాస్తారు. మా వాడు ఒక్కో చెయ్యీ కదుపుతుంటే ఆయన పేరు పిలుస్తారు: "కుడి పైది, అయింది. కుడి మధ్యది, అయిందా? ఎడమ కిందది నువ్వు ముట్టుకోలేదు." ఆరూ అయ్యాక "తియ్" అంటారు. అప్పుడు నేను ఫోను నొక్కుతాను. మొదటి రాత్రి మూడు గంటలు కూర్చుంటే 48 ఫొటోలు, నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లు వేసి చూస్తే చీర కుచ్చిళ్లు వణుకుతున్నాయి. ఫ్యాను ఆపే ఉంది. కదిపినప్పుడల్లా మా వాడి మణికట్టు పట్టుకి తగులుతోంది. వాడు చూసి, నా వైపు చూసి, "అమ్మా, ఇదిగో నేను" అన్నాడు. అక్కడ వేలు పెట్టి చూపించాడు.

కథ నాన్నది. అమ్మవారు పీఠం మీంచి దిగుతుంది, ఆడుతుంది, కత్తులు తనంతట తనే కింద పెట్టేసి, వెళ్లి మళ్లీ పీఠం మీద కూర్చుంటుంది. పగలడం లేదు. ఆ కూర్చోవడం ఎలా తియ్యాలో మాకింకా తెలియలేదు, మోకాళ్ల దగ్గర తీగ చాలా గట్టిగా ఉంది.

కొండపల్లి అన్నయ్యా, ఒక కష్టమొచ్చింది. ఎడమ మధ్య చెయ్యి భుజం దగ్గర వదులైపోయింది. పెట్టిన చోట నిలబడటం లేదు, మెల్లగా దిగిపోతోంది. తీగ లోపల విరగలేదు, మెలి సడలినట్టుంది. ఎం-సీల్ ఊడదీస్తే మిగతా చేతులు కూడా కదుల్తాయేమోనని ముట్టుకోవడానికి భయంగా ఉంది. ఈ ఆదివారం వస్తే ఇంట్లో ఉంటారా? నాన్న కూడా వస్తారు.


కొండపల్లి_ఉలి:

ఉంటాను చెల్లెమ్మా, పొద్దున్నే రండి. అప్పటిదాకా ఆ చెయ్యి ఎవరూ కదపొద్దని బాబుకి చెప్పండి. పీటతో సహా తీసుకురండి, స్క్రూలు విప్పకండి. మెత్తటి పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి, బస్సులో పైన అరలో మాత్రం పెట్టొద్దు. నాన్నగారికి మా ఇంట్లోనే భోజనం.